జైలు కూలిలో బాధితుల వాటా

పసిబిడ్డపై అఘాయిత్యం చేసినవాడికి శిక్ష పడగానే నలుగురూ అనే మాట ఒకటుంది: వాణ్ణి మన పన్నుల డబ్బుతో మేపాలా? ఆ కోపం సహజం. జైలు ఖర్చు గురించిన తర్జనభర్జన మన దేశంలో చాలా పాతది. ఆ లెక్కలో బాధితులకు చోటు దొరకడానికే తరాలు పట్టింది.

మెకాలే చొరవతో ఏర్పడిన జైలు క్రమశిక్షణ కమిటీ 1838లో నివేదిక ఇచ్చింది. ఖైదీకి ఇచ్చే పని కఠినంగా, విసుగు పుట్టించేలా ఉండాలన్నది దాని అభిమతం. తరువాతి దశాబ్దాల్లో జైళ్లు సరుకులు తయారుచేసి అమ్మసాగాయి. ఆగ్రా జైలులో నేసిన తివాచీ విక్టోరియా రాణి కోట దాకా వెళ్లింది. ఆ రాబడిలో నష్టపోయిన మనిషికి దక్కింది ఏమీ లేదు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, 545వ సెక్షన్ కింద, జరిమానాలోంచి పరిహారం ఇప్పించే వీలు కల్పించింది. దోషికి జరిమానా కట్టే తాహతు లేకపోతే ఆ వీలు కాగితం మీదే మిగిలేది.

స్వాతంత్ర్యం వచ్చాక చర్చ ఖైదీ కూలి మీదికి మళ్లింది. నామమాత్రపు కూలితో పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ కాదా? కేరళ హైకోర్టు 1983లో, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1988లో ఖైదీల వాదనను మన్నించాయి. 1998లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. కఠిన కారాగార శిక్ష పడినవారిచేత పని చేయించడం వెట్టి కాదు, అయితే సముచితమైన కూలి ఇవ్వాలి. ఆ కూలి ఖరారు చేసేటప్పుడు తిండి, బట్టల ఖర్చు లెక్కలోకి తీసుకోవచ్చు. ఆ కూలిలో కొంత భాగం బాధితులకు అందేలా రాష్ట్రాలు చట్టం చేయాలని సిఫారసు చేసింది. అలా ఖైదీ, ఖజానా, బాధితులు ఒకే పద్దులోకి వచ్చారు.

బిడ్డ గోడు మాత్రం ఆ పద్దులో ఇమడదు. 2004లో సాక్షి అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు కోర్టు హాలును బిడ్డ కళ్లతో చూసింది. నిందితుడు కనబడకుండా తెర కట్టాలంది. ప్రతివాది వకీలు తన ప్రశ్నలు రాసి జడ్జికి ఇవ్వాలి, జడ్జి వాటిని బిడ్డకు అర్థమయ్యే మాటల్లో అడగాలి. బిడ్డ అలిసిపోతే విరామం ఇవ్వాలి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడేందుకు 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం ఇలాంటి రక్షణలకు స్థిరరూపం ఇచ్చింది. ఏడాదిలోగా విచారణ ముగించడానికి వీలైనంత ప్రయత్నించాలంది.

పరిహారం దారి కూడా మారింది. తరువాతి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 2009 చివర అమల్లోకి వచ్చిన 357ఏ సెక్షన్ రాష్ట్రాలు బాధితుల కోసం నిధి ఏర్పాటు చేయాలంది. పోక్సో నిబంధనల ప్రకారం నిందితుడు దొరకకపోయినా, నిర్దోషిగా విడుదలైనా బిడ్డకు పరిహారం ఇప్పించవచ్చు. ఉత్తర్వు అందిన 30 రోజుల్లో ప్రభుత్వం చెల్లించాలి.

ఈ చరిత్ర చెప్పే తీర్పు ఒక్కటే. ఖైదీ కంచంలో అన్నం తగ్గిస్తే ఏ బిడ్డ గాయమూ మానదు. దోషి కూలిలోంచి వాటా వస్తే రానివ్వాలి, దానికోసం బిడ్డ ఎదురుచూడకూడదు. ఖైదీని పోషించడం ప్రభుత్వ బాధ్యత అయినట్టే, ఆ బిడ్డ చికిత్స, చదువు కూడా ప్రభుత్వం తీర్చవలసిన బాకీ.