ఉల్కాశకలం

అంతరిక్షం నుంచి వచ్చి, వాతావరణంలో పూర్తిగా కాలిపోకుండా నేలను చేరిన రాయి లేదా లోహపు ముక్క. వీటిలో చాలావరకు కుజ, గురు గ్రహాల మధ్య తిరిగే గ్రహశకలాల నుంచి విడిపోయినవే.

ఇవి సెకనుకు 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో దూసుకొస్తాయి. ఎదుట ఉన్న గాలి నొక్కుకుపోయి విపరీతంగా వేడెక్కడంతో సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున వెలుగు మొదలవుతుంది. జనం చుక్క రాలిందనేది అప్పుడే. పైపొర కరిగి ఊడిపోతూ ఉంటుంది. చిన్న రాయైతే దారిలోనే వేగం పోగొట్టుకుని, చివరికి వెలుగు లేకుండా మామూలు రాయిలాగే పడుతుంది. ఆ కొద్ది సెకన్లలో వేడి లోపలికి చేరదు కనుక, చిన్న రాయి పడి గడ్డివాము అంటుకుందన్న కథలను నమ్మనక్కర్లేదు. పెద్దవాటి సంగతి వేరు. లోనార్‌లో దక్కన్ నల్లరాతి మీద సుమారు 1.8 కిలోమీటర్ల వెడల్పు గొయ్యి తవ్వింది అలాంటిదే.

తెలుగు నేల మీద నమోదైన పతనాల్లో గుర్రంకొండ (1814), నెల్లూరు (1852), తిరుపతి (1934) రాళ్లున్నాయి. వీటికంటే అరుదైనది పార్వతీపురం ప్రాంతంలోని నెడగొల్లలో 1870 జనవరి 23న పడిన ముక్క. అది రాయి కాదు, నాలుగు కిలోలకు పైగా తూగిన ఇనుము. కళ్ల ముందు పడిన ఇనుప ఉల్కలు ప్రపంచంలోనే కొద్ది.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం లాంటి పారిశ్రామిక ప్రాంతాల్లో ఉల్కను పోల్చుకోవడం మరీ కష్టం. కొలిమిలో లోహం కరిగించగా మిగిలే చిట్టెం నల్లగా, బరువుగా ఉంటుంది. రోడ్ల పక్కన గుంతలు పూడ్చడానికీ వాడతారు. అందులో ఇనుప బొట్లుంటే అయస్కాంతమూ అంటుకుంటుంది. కాబట్టి అయస్కాంతం ఒక్కటే చాలదు. పగిలిన అంచు చూడాలి: చిట్టెంలో గాలి బుడగల రంధ్రాలు, గాజు మెరుపు కనిపిస్తాయి. రాతి ఉల్కలో సాధారణంగా రంధ్రాలుండవు; మిల్లీమీటరు మందాన నల్లటి పెచ్చు, దాని కింద బూడిద రంగు రాయి, అందులో నలకల్లా లోహం మెరుస్తుంది. జహీరాబాద్ వైపు ఎర్రరాతి నేలల్లోని ఇనుపరాళ్లూ ఇలాగే మోసం చేస్తాయి. అసలు పైనుంచి దిగిందల్లా ఉల్క కాదు. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా పొలాల్లో దిగిన వింత గుండ్రటి పెట్టె, హైదరాబాద్ నుంచి బెలూన్‌తో ఎగరేసిన ప్రయోగ పరికరం.

మన దేశంలో ఉల్కాశకలాలను సేకరించి భద్రపరిచే సంస్థ భారతీయ భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ. దానికి హైదరాబాద్ బండ్లగూడలో కార్యాలయం ఉంది. అనుమానం వస్తే రాయిని కడగకుండా, పగలగొట్టకుండా, పడిన చోటును ఫొటో తీసి అక్కడికి తెలియజేయాలి.