ఆరు కల్దార్లు, ఏడు హాలీలు

1930లలో బెజవాడ స్టేషన్లో సికింద్రాబాదు బండెక్కిన మనిషికి కొండపల్లి దాటాక కూడా కిటికీలోంచి అవే పొలాలు, అవే తాటితోపులు కనిపించేవి. పెట్టెలో ఎక్కీ దిగే జనం మాట్లాడేదీ తెలుగే. కానీ ఎర్రుపాలెం, మధిర వచ్చేసరికి అతని రొంటిన దోపుకున్న సంచిలో రూపాయి పరాయిదైపోయేది. అక్కడి నుంచి నిజాం రాజ్యం. ఆ రాజ్యానికి సొంత రైల్వే ఉంది, సొంత తపాలా ఉంది, కరోడ్‌గిరి పేరుతో సుంకాల శాఖ ఉంది. అన్నిటికీ మించి సొంత రూపాయి ఉంది. దాన్ని హాలీ సిక్కా అనేవారు. హాలీ అంటే ఇప్పుడు చెలామణిలో ఉన్నది అని అర్థం. కాగితాల మీద ఉస్మానియా సిక్కా అని రాసేవారు.

అవతలి నుంచి వచ్చే బ్రిటిష్ రూపాయిని కల్దారు అనేవారు. కల్ అంటే యంత్రం. యంత్రంతో కొట్టిన నాణెం కాబట్టి కల్దారు. తెలంగాణ పెద్దవాళ్ల నోట ఈ రెండు మాటలూ చాలాకాలం ఆడాయి. ధర చెప్పగానే "హాలీనా, కల్దారా?" అని ఎదురు అడగడం అప్పటి బేరసారాల్లో మామూలు సంగతి.

లెక్క ఇలా ఉండేది. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. వినడానికి సులువే. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు ఉన్న రోజుల్లో దాన్ని చిల్లరలోకి దించాలంటే మాత్రం తల తిరిగేది. ఒక్క కల్దారు మారిస్తే హాలీలో 1 రూపాయి 2 అణాల 8 పైలు. యాభై మారిస్తే 58 రూపాయల 5 అణాల 4 పైలు. వంద మారిస్తే 116 రూపాయల 10 అణాల 8 పైలు. అటు నుంచి ఇటు వచ్చేవాడి కష్టం ఇంకా ఎక్కువ. వంద హాలీలకు 85 రూపాయల 11 అణాల 5 పైలు వస్తాయి, ఆపైన పై కన్నా చిన్న తునక ఒకటి మిగిలిపోతుంది. ఆ తునక ఎటు పోవాలో తేల్చేవాడు షరాబు. ప్రభుత్వం నిలబెట్టిన రేటు ఒకటైతే, బజారులో కొంచెం అటూ ఇటూ ఉండేది. మార్చినందుకు షరాబు పుచ్చుకునేది వట్టం. నిఘంటువుల్లో మిగిలిపోయిన ఈ మాట ఒకప్పుడు ప్రయాణం చేసే ప్రతి తెలుగువాడికీ తెలిసిన మాట.

చిల్లర దగ్గర ఇంకో చిక్కు ఉండేది. బ్రిటిష్ ఇండియాలో కాణీ అంటే మూడు పైలు, అణాకు నాలుగు కాణీలు. నిజాం రాగి నాణేల్లో ఎక్కువగా కనిపించేది రెండు పైలది. అవి ఆరైతే అణా. చెయ్యి అలవాటు కొద్దీ నాలుగు తీసి ఇచ్చిన ఆంధ్ర ప్రయాణికుడు, హాలీ ఊళ్లో అణా ఇచ్చాననుకుని ఎనిమిది పైలే ఇచ్చేవాడు. పైగా బ్రిటిష్ అణా బిళ్ల మీద వేరే లిపులతో పాటు తెలుగులోనూ విలువ రాసి ఉండేది. నిజాం నాణెం మీద తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. ఉర్దూ, పారసీ చదవడం రానివాడు సైజునీ లోహాన్నీ చూసి పోల్చుకోవాల్సిందే. అతనికి తోడుగా ఉన్న గుర్తు ఒకటే, చార్మినార్ బొమ్మ.

ఆరుకి ఏడు అన్న నిష్పత్తి ఎవరో గాలిలోంచి తీసింది కాదు. బ్రిటిష్ రూపాయి తూకం 11.66 గ్రాములు, అందులో నూటికి 91.7 వంతులు వెండి. హాలీ రూపాయి సుమారు 11.18 గ్రాములు, వెండి 81.8 వంతులు. అంటే కల్దారులో దాదాపు 10.69 గ్రాముల మేలిమి వెండి, హాలీలో 9.14. ఇప్పుడు ఆరు కల్దార్ల వెండిని తక్కెడ ఒక పళ్లెంలో, ఏడు హాలీల వెండిని ఇంకో పళ్లెంలో వేస్తే రెండు వైపులా 64 గ్రాముల దగ్గర ముల్లు నిలుస్తుంది. చదువు లేని షరాబు కూడా ఈ సంగతి వేళ్ల మీద చెప్పగలడు. రాజు బొమ్మ ఏదైనా, రాత ఏ లిపిదైనా అతను చూసేది లోహాన్నే.

అంతకుముందు కాలంలో ఈ లెక్క కూడా దొరికేది కాదు. 19వ శతాబ్దం సగం దాకా నిజాం రాజ్యంలో ఒక్క టంకశాల కాదు, చాలా ఉండేవి. గద్వాల సంస్థానం తన నాణేలు తాను కొట్టుకునేది. నారాయణపేటలో ఒక టంకశాల. ఒక్కో ఊరి రూపాయిది ఒక్కో తూకం, ఒక్కో మేలిమి. అప్పట్లో పక్క జిల్లాకు పోయినా డబ్బు మార్చుకోక తప్పేది కాదు. కంపెనీ ప్రభుత్వం 1835లో తన ప్రాంతమంతటికీ ఒకే రూపాయిని తెచ్చింది. హైదరాబాదులో ఆ పని మొదలుపెట్టింది 1853లో దివానైన మొదటి సాలార్ జంగ్. జిల్లాల్లోని టంకశాలలను మూయించి, రాజధానిలో ఒకే సిక్కా కొట్టించే దారి పట్టాడు. 1857 దాకా ఆ సిక్కా మీద ఢిల్లీ మొఘల్ పాదుషా పేరే ఉండేది. తిరుగుబాటు అణిగి పాదుషా పదవే పోయాక, ఆ చోట ఆసఫ్ జాహీ వంశపు బిరుదు వచ్చింది. దాని పక్కన 92 అనే అంకె. అరబ్బీ అక్షరాల లెక్కలో ముహమ్మద్ ప్రవక్త పేరుకు విలువ 92.

1893లో పెద్ద కుదుపు వచ్చింది. జనం వెండి తెచ్చి టంకశాలలో రూపాయలు కొట్టించుకునే పద్ధతిని బ్రిటిష్ ప్రభుత్వం ఆపేసింది. ప్రపంచమంతా వెండి ధర పడిపోతున్న కాలమది. కల్దారు అప్పటి నుంచి లోపలి వెండి కన్నా ఎక్కువ విలువకు పోసాగింది. హాలీకి ఆ రక్షణ లేదు. వెండి ఎటు ఊగితే అటే ఊగింది. సరిహద్దుకు అటూ ఇటూ పత్తీ, నూనెగింజలూ అమ్ముకునే వర్తకుడికి సరుకు ధర కన్నా మారకం ధరే పెద్ద బెంగ.

నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో ఆ ఊగిసలాట సద్దుమణిగింది. సైఫాబాదులో కొత్త టంకశాల వెలిసింది. 1903-04 నుంచి యంత్రాల మీద చార్మినార్ ముద్రతో నాణేలు వచ్చాయి. ఆ చార్మినార్ ద్వారంలోకి జాగ్రత్తగా చూస్తే ఒక అక్షరం కనిపిస్తుంది. మహబూబ్ కాలంలో అది మీమ్, ఆ తర్వాత ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఐన్. నాణెం ఏ నిజాముదో చెప్పేది వేలిగోరంత కూడా లేని ఆ అక్షరమే. హాలీ కూడా యంత్రం మీదే తయారవుతున్నా, కల్దారు అన్న పేరు మాత్రం బ్రిటిష్ రూపాయికే ఉండిపోయింది.

మొదటి ప్రపంచ యుద్ధం వెండిని మింగేయడంతో హైదరాబాదు 1918లో కాగితపు నోట్లకూ దిగింది. ముందు పది, వంద. తర్వాత చిన్న నోట్లు. 1926లో వెయ్యి రూపాయల నోటు. అంత విరివిగా సొంత నోట్లు నడిపే వెసులుబాటు బ్రిటిష్ నీడలోని ఏ సంస్థానానికీ దక్కలేదు. నోటు మీద పెద్దపీట ఉర్దూది. అయినా విలువను తెలుగు, మరాఠీ, కన్నడాల్లోనూ అచ్చు వేశారు. నాణెం మీద చోటు దొరకని తెలుగుకు కాగితం మీద దొరికింది. 1942లో గన్‌ఫౌండ్రీలో పనిచేయడం మొదలుపెట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకుకు ఈ కాగితపు డబ్బు నిర్వహణ అప్పగించారు. రెండో ప్రపంచ యుద్ధంలో 1940 నుంచి కల్దారులో వెండి సగానికి తగ్గింది, కొద్దికాలానికే హాలీదీ అదే దారి. తక్కెడ సాక్ష్యం పోయినా ఆరుకి ఏడు లెక్క కదలలేదు. ఇవాళ ముక్తినాథ్ పోయే తెలుగు యాత్రికులు వంద భారత రూపాయలకు 160 నేపాలీ రూపాయలు పుచ్చుకుంటున్నది కూడా అలాంటి కట్టుబాటు మీదే. 1993 నుంచి అక్కడ ఆ నిష్పత్తి మారలేదు.

రాజధానిలో ఉంటే ఈ రెండు సిక్కాల చిక్కు ఎదురుకావడానికి సరిహద్దు దాకా పోనక్కర్లేదు. సికింద్రాబాదు కంటోన్మెంటూ, రెసిడెన్సీ చుట్టూ ఉన్న బజార్లూ బ్రిటిష్ అజమాయిషీలో ఉండేవి. ఆ బజార్లు నిజాముకు తిరిగొచ్చింది 1933లో. అంతదాకా మూసీ దాటి చాదర్‌ఘాట్ వైపు పోతే పాలన మారేది, చెల్లుబాటు మారేది. నిజాం తపాలా బిళ్లకు కూడా అంతే బలం. సంస్థానంలో ఏ మూలకైనా ఉత్తరాన్ని చేరుస్తుంది గానీ, గుంటూరులో ఉన్న కూతురికి రాయాలంటే బ్రిటిష్ బిళ్ల అంటించాల్సిందే.

అసలు కష్టం చూడాలంటే మునగాల వెళ్లాలి. ఈనాటి సూర్యాపేట జిల్లాలో ఉన్న ఈ పరగణా, అప్పట్లో మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లాలో భాగం. చుట్టూ నాలుగు వైపులా నిజాం నల్లగొండ. సముద్రంలో లంక లాంటి చోటు. మునగాల రైతు శిస్తు కట్టేది కల్దారులో, పొరుగూళ్లలో నడిచేది హాలీ. తన జిల్లా ఊళ్లకే పోవాలన్నా మధ్యలో ఇంకో రాజ్యం దాటాలి. దీనికి సరిగ్గా తిరగేసినట్టుగా పరిటాల. నందిగామ దగ్గర, బ్రిటిష్ కృష్ణా జిల్లా నడిబొడ్డున, పాత వజ్రాల గనుల ప్రాంతంలోని ఆ కొద్ది ఊళ్లు నిజామువి. కోస్తాను వదులుకున్నా వజ్రాల నేలను వదులుకోలేదు ఆ ప్రభువులు. 1947లో ఆ పరిటాల తనను తాను స్వతంత్ర రాజ్యంగా ప్రకటించుకుంది. ఈ రెండు చోట్లా పుట్టి పెరిగిన పిల్లలకు ఏడో ఎక్కమూ ఆరో ఎక్కమూ బడిలో నేర్పక్కర్లేకుండానే వచ్చి ఉంటాయి.

ఇక్కడ నూటపదహార్ల ప్రస్తావన రాక తప్పదు. తెలుగువాళ్లు పెళ్లికీ, సన్మానానికీ వందతో ఆపకుండా 116 చదివిస్తారు. దీనికి మూలం హాలీ సిక్కాయేనని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. వంద కల్దార్లకు 116 హాలీలు కాబట్టి, నిజాం ఇలాకా నుంచి వచ్చే బంధువు వందకు తగ్గకుండా 116 ఇచ్చేవాడట, అదే ఆచారమైందట. వినడానికి ముచ్చటగా ఉంటుంది. లెక్కలోకి దిగితే మాత్రం నిలవదు. మనం 516, 1116 కూడా చదివిస్తాం. ఐదువందల కల్దార్లకు హాలీలు 583 పైచిలుకు, వెయ్యికి 1166 పైచిలుకు. మారకమే మూలమైతే ఆ అంకెలు వచ్చేవి, 516 వచ్చేది కాదు. దాని కన్నా రూపాయికి పదహారు అణాలన్న నిండుదనమే ఆ పదహారులో ఉందనడం సబబు. పదహారణాల తెలుగు అన్నా, పదహారణాల నిజం అన్నా వినిపించేది ఆ నిండుదనమే. అయినా ఆ కథ ఇంకా బతికే ఉందంటే, 116-10-8 అన్న అంకె జనం మనసులో ఎంత లోతుగా నాటుకుందో తెలుస్తుంది.

1947 చివర్లో ఈ రెండు రూపాయల కాపురం చెడింది. నవంబర్ 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కుదిరింది. ఆ సిరా ఆరకముందే హైదరాబాదు ప్రభుత్వం రెండు ఆర్డినెన్సులు తెచ్చింది. ఒకటి బంగారం, వెండి వంటి లోహాలు ఇండియాకు పోకుండా ఆపింది. రెండోది సంస్థానంలో భారత కరెన్సీ చెల్లదంది. దానికి తోడు పాకిస్తానుకు 20 కోట్ల రూపాయల అప్పు. ఢిల్లీకీ హైదరాబాదుకూ మధ్య ముదిరిన తగాదాలో ఇవి పెద్ద అంశాలయ్యాయి. చరిత్ర పుస్తకాలు ఈ ఆర్డినెన్సులను దౌత్యం కింద చెప్పి ముందుకు పోతాయి. కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్లకు అది బతుకు సంగతి. ఆ నెలల్లోనే రజాకార్ల భయంతో తెలంగాణ పల్లెల నుంచి జనం కుటుంబాలతో సహా బెజవాడ వైపు దాటారు. ఇల్లు విడిచి వచ్చిన మనిషి మొలలో ఉన్నది హాలీ. ఆశ్రయమిచ్చిన ఊళ్లో చెల్లేది కల్దారు. తక్కువకైనా మార్చుకోవడం తప్ప అతనికి వేరే దారి ఏముంది?

1948 సెప్టెంబరులో భారత సైనిక చర్య ముగిశాక కూడా హాలీ ఒక్క రోజులో పోలేదు. భారత రూపాయి పక్కనే అదే ఆరు, ఏడు లెక్కన కొన్నేళ్లు నడిచింది. బ్రిటిష్ గవర్నమెంట్ రూపాయి అన్న మాట పోయి కాగితాల్లో ఇండియా గవర్నమెంట్ రూపాయి వచ్చింది. జీతాలూ, శిస్తులూ, అప్పులూ ఒక్కొక్కటిగా కొత్త లెక్కలోకి మళ్లాయి. 1950ల చివరికి చార్మినార్ రూపాయి బజారు వదిలి పెట్టెల అడుగుకూ, కంసాలి మూసకూ చేరింది. 1957లో దశాంశ పైసలు వచ్చి అణా లెక్కనే మార్చేయడంతో, హాలీని కల్దారులోకి దించే నేర్పుకు పనే లేకుండా పోయింది.

కోర్టుల్లో మాత్రం అది ఇంకొంత కాలం బతికింది. పాత అప్పులు, తాకట్లు, జాగీరు తగాదాలు సుప్రీంకోర్టు దాకా పోయినప్పుడు తీర్పుల్లో మొత్తం పక్కనే ఓఎస్ అనో ఐజీ అనో రాయాల్సి వచ్చేది. ఓఎస్ అంటే ఉస్మానియా సిక్కా, ఐజీ అంటే ఇండియా గవర్నమెంట్. తెలంగాణలో ఏ ఇంట్లోనైనా తాతల నాటి భూమి కాగితం బయటపడితే, అంకె దగ్గర ఆగిపోకుండా పక్కన ఏ సిక్కా అని రాసి ఉందో కూడా చదవాలి. కల్దారు అని ఉంటే ఏడువందలు ఏడువందలే. సిక్కా ఉస్మానియా అని ఉంటే, ఆనాటి కృష్ణ దాటాక అది ఆరువందలు.