హాలీ సిక్కా

హాలీ సిక్కా నిజాముల హైదరాబాదు రాజ్యంలో చెలామణి అయిన రూపాయి. చివరి నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలంలో దీన్నే ఉస్మానియా సిక్కా అన్నారు. బ్రిటిష్ ఇండియా రూపాయి ఇక్కడివాళ్లకు ‘కల్దార్’. 20వ శతాబ్దంలో సొంత కాగితపు నోట్లను పూర్తిస్థాయిలో, ఏళ్ల తరబడి నడిపిన సంస్థానం హైదరాబాదే.

పాత నాణేలు మొఘల్ చక్రవర్తి పేరుతో పడేవి. 1857 తిరుగుబాటు తరువాత ఆ పేరు పోయి నిజాముల వంశకర్త ఆసఫ్‌జా పేరు వచ్చింది. గద్వాల, నారాయణపేట వంటి చోట్ల కూడా ఒకప్పుడు టంకశాలలు ఉండేవి. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న రోజుల్లో ముద్రణ రాజధానికి చేరింది. 1903లో టంకశాల సైఫాబాదుకు మారింది. యంత్రాలతో ముద్రించిన నాణేల మీద చార్మినార్ బొమ్మ వేశారు.

హాలీ కథంతా వెండి లెక్కలోనే ఉంది. కల్దార్ రూపాయి 11.66 గ్రాముల బరువు, అందులో దాదాపు 92 శాతం వెండి. హాలీ రూపాయి సుమారు 11.18 గ్రాములు, అందులో వెండి దాదాపు 82 శాతం. రెండింటిలోని వెండిని పోల్చి చూస్తే హాలీ విలువ కల్దార్‌లో ఏడింట ఆరు వంతులకు అతి దగ్గరగా వస్తుంది. ఆరు కల్దార్లకు ఏడు హాలీలన్న మారకం అలా స్థిరపడింది. నూరు కల్దార్లు కావాలంటే 116 రూపాయల 10 అణాల 8 పైలు ఇచ్చుకోవాలి. చిల్లరలోనూ తేడా ఉంది: కల్దార్ అణాకు నాలుగు పైసలైతే హాలీ అణాకు ఆరు. సికింద్రాబాద్ కంటోన్మెంటులో కల్దార్ నడిచేది కాబట్టి హుస్సేన్‌సాగర్ కట్ట దాటిన వర్తకుడికి ఈ మారకం లెక్క నోటికి రావాల్సిందే.

మొదటి ప్రపంచయుద్ధంలో వెండికి కరువొచ్చింది. 1918లో కరెన్సీ చట్టం చేసి పది, వంద రూపాయల నోట్లు తెచ్చారు. ఆపైన ఒకటి, ఐదు రూపాయల నోట్లు, 1926లో వెయ్యి రూపాయల నోటు వచ్చాయి. ముందు లండన్‌లోని వాటర్లో సంస్థ, తరువాత నాసిక్ ముద్రణాలయం వీటిని అచ్చువేశాయి. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ లిపుల్లోనూ విలువ రాసి ఉండేది. బడిలో, కచేరీలో ఉర్దూదే రాజ్యమైన చోట తెలుగుకు నోటు మీద దక్కిన ఈ చోటు చిన్నదేమీ కాదు. రెండో యుద్ధకాలంలో రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు.

నోట్ల నిర్వహణకు 1941 చట్టంతో హైదరాబాద్ స్టేట్ బ్యాంకును స్థాపించారు. హిమాయత్‌నగర్ నుంచి బషీర్‌బాగ్ మీదుగా ఆబిడ్స్‌కు వెళ్లే దారిలోని గన్‌ఫౌండ్రీలో 1942 ఏప్రిల్ 5న అది పని మొదలుపెట్టింది. ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోయించిన తోప్ కా సాంచా ఉన్నది ఈ ప్రాంతంలోనే.

హాలీకి కల్దార్‌తో ఉన్నలాంటి పొరుగు బంధమే ఐరోపాలో లక్సెంబర్గ్ ఫ్రాంకుకూ ఉండేది. బెల్జియం ఫ్రాంకు అక్కడా చెల్లేది. తేడా ఏమిటంటే ఆ జోడీ 1944 తరువాత సమాన విలువతో నడిచింది. హాలీకి ఆ సమానత్వం ఎన్నడూ దక్కలేదు.

1948 సెప్టెంబరులో సంస్థానం భారత్‌లో కలిసినా హాలీ వెంటనే పోలేదు. 1950లో టంకశాల కేంద్రం చేతికి వెళ్లింది, హాలీ పక్కన భారత రూపాయి చేరింది. కొత్త నోట్ల జారీ ఆగిపోయినా, పాతవి అదే ఏడుకు ఆరు లెక్కన మారుతూ 1950ల చివరిదాకా చెల్లాయి. గన్‌ఫౌండ్రీ బ్యాంకు 1956లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయి, 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమైంది. టంకశాల 1997లో చర్లపల్లికి తరలింది. సైఫాబాదు పాత భవనంలో 2022లో నాణేల ప్రదర్శనశాల తెరిచారు.