లిమోజ్: మళ్లీ మళ్లీ మొదలైన పనితనం

వియెన్ నది ఒడ్డున ఉన్న ఫ్రెంచి నగరం లిమోజ్‌కు వెళ్లే యాత్రికుడికి తరచూ వినిపించే మాట, ఇక్కడి కళ పన్నెండో శతాబ్దం నుంచి ఎడతెగకుండా సాగుతోందని. వినడానికి ఇంపుగా ఉన్నా చరిత్ర ఈ మాటను ఒప్పుకోదు. లిమోజ్ పనితనం కనీసం రెండుసార్లు తెగిపోయింది. తెగిన ప్రతిసారీ కొత్త పద్ధతితో, కొత్త కొనుగోలుదారులతో మళ్లీ మొదలైంది. ఈ నగరం గొప్పతనం అఖండంగా సాగడంలో లేదు, తిరిగి లేవడంలో ఉంది. ఆ తెగిన చోట్లు గమనించకుండా మ్యూజియంలు చుట్టి వస్తే అందమైన వస్తువులు కనిపిస్తాయి గానీ నగరం అర్థం కాదు.

మొదటి దశ ఎనామెల్‌ది. రాగి రేకులో గాడులు తొలిచి, వాటిలో తడిపిన రంగు గాజు పొడి నింపి, బట్టీలో కరిగించి, చల్లారాక నునుపుగా అరగదీసేవారు. తొలచకుండా వదిలిన రాగి అంచులకు బంగారు పూత పూసేవారు. 1170లో హత్యకు గురైన ఆర్చిబిషప్ థామస్ బెకెట్ పవిత్ర అవశేషాల కోసం ఇలా చేసిన పేటిక ఒకటి నేడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. నీలిరంగు నేపథ్యం మీద ఆ హత్యా ఘట్టమే దానిపై కనిపిస్తుంది. ఈ పనికి ఆదరువు చర్చిలు, మఠాలు. పద్నాలుగో శతాబ్దంలో గిరాకీ సన్నగిల్లింది. 1370లో ఇంగ్లండ్ యువరాజు ఎడ్వర్డ్ సైన్యం నగరాన్ని కొల్లగొట్టడం మరో దెబ్బ. పదిహేనో శతాబ్దం చివర ఎనామెల్ మళ్లీ తలెత్తింది కానీ అది పాత విద్య కాదు. గాడులు పోయి, రాగి మీద కుంచెతో చిత్రం గీసే పద్ధతి వచ్చింది. లెయోనార్ లిమోజాఁ వంటి చిత్రకారులు రాజాస్థానానికే పనిచేశారు. పోషకులు మారడంతో పనీ మారింది.

ఈ రెండో ఎనామెల్ కూడా తెగిపోయాక వచ్చిన పింగాణీ సంగతి వేరు, అది మట్టి పుణ్యమేనని కొందరంటారు. ఇందులో కొంత నిజముంది. 1768 ప్రాంతంలో సేంట్-ఇరియే దగ్గర మేలైన తెల్లమట్టి, కేయోలిన్, బయటపడకపోతే ఈ కథే లేదు. ఒక వైద్యుడి భార్య బట్టలు ఉతకడానికి ఆ మట్టి వాడిందని చెబుతారు. అయితే ఆ ఊరు లిమోజ్‌కు దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడి మట్టి సేవ్ర్‌లోని రాజ కర్మాగారానికీ వెళ్లింది. మట్టి ఒక్కటే చాలదు. బట్టీలకు కట్టెలు కావాలి, అవి వియెన్ ప్రవాహంలో తేలుతూ నగరానికి చేరాయి. అండ కావాలి, అది ప్రాంతీయ పాలకుడు టుర్గో రూపంలో దొరికింది. 1771లో తొలి కర్మాగారం వెలిసింది. విపణి కావాలి, దాన్ని 1842లో అమెరికా నుంచి వచ్చి స్థిరపడ్డ వ్యాపారి డేవిడ్ హావిలాండ్ సముద్రం ఆవల చూపించాడు. మట్టి ఇచ్చింది అవకాశాన్నే. దాన్ని అందుకున్నది మనుషులు.

కర్మాగారాలు వచ్చాక చేతిపని చచ్చిపోయిందనేది మరింత బలమైన అభ్యంతరం. ముద్రించిన బొమ్మలు అతికించే పద్ధతి ఎందరో చిత్రకారుల పని తగ్గించిన మాట వాస్తవం. కానీ 1884లో కట్టిన కాసో బట్టీ ముందు నిలబడితే లెక్క మారుతుంది. దాదాపు 20 మీటర్ల ఎత్తున్న ఆ ఇటుకల కట్టడంలో, పాత్రలను మట్టి పెట్టెల్లో భద్రంగా సర్ది, ఒకదాని మీద ఒకటి పేర్చేవారు. సుమారు 1400 డిగ్రీల వేడిని అదుపులో ఉంచాలి. ఒక్క తప్పుతో బట్టీ సరుకంతా పాడయ్యేది. కుంచె లేకపోయినా ఇది నైపుణ్యమే. ఆ శ్రమకు గౌరవం కోరిన కార్మికులు 1905 సమ్మెలో సైన్యాన్ని ఎదుర్కొన్నారు. కాల్పుల్లో కమీల్ వార్దెల్ అనే యువ కార్మికుడు చనిపోయాడు. లిమోజ్ పింగాణీ చరిత్ర రాసేవారు పళ్లెం అంచున ఉన్న బంగారు గీతతో పాటు ఈ మరణాన్నీ రాయాలి.

అందుకే లిమోజ్ వెళ్లేవారు అడ్రియన్ దుబూషే జాతీయ మ్యూజియంలోని పింగాణీతో ఆగిపోకుండా, పాత బిషప్ భవనంలోని ఎనామెల్ సేకరణనూ కాసో బట్టీనీ కలిపి చూడాలి. 2017లో లిమోజ్ పింగాణీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. తయారీ, అలంకరణ లిమోజ్ ఉన్న జిల్లాలోనే జరిగితే తప్ప ఆ పేరు వాడరాదు. ఇది న్యాయమైన రక్షణ. అయినా ఎనిమిది వందల ఏళ్ల అనుభవం చెప్పేది ఒకటే: పేరును చట్టం కాపాడగలదు, పనిని మాత్రం నేర్చుకునే చేతులు, విలువ తెలిసి కొనే మనుషులే కాపాడతారు. ఆ రెండూ కరువైనప్పుడల్లా లిమోజ్ కుంగింది, సమకూరినప్పుడల్లా లేచింది.