గంజి తేట నుంచి జింక్ బిళ్ళ దాకా

ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్టలో సామాన్యుల ఇళ్ళల్లో వరన్నం ఒకప్పుడు పండక్కో పథ్యానికో వండేవాళ్ళు. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి దిగువన డెల్టా పచ్చబడింది గానీ, ఆ నీళ్ళు ఎగువనున్న నందిగామ, జగ్గయ్యపేట ఊళ్ళకు ఎక్కలేదు. మునేరు, పాలేరు పక్కనే పారుతున్నా ఇక్కడి చేలల్లో జొన్న, కంది, పెసర, మిరప, పత్తే. రోజూ జొన్న సంకటి తినే ఇంట్లో పిల్లాడికి విరేచనాలు పట్టుకుంటే పొరుగింట్లో అడిగయినా సరే గుప్పెడు బియ్యం తెచ్చి గంజి కాచేవాళ్ళు. చంటిపిల్లల కడుపు చెడితే ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్న విషయంలో రెండు వందల ఏళ్ళలో మన ఆలోచన చాలా మారింది. ఆ గంజి మాత్రం ఇంకా పొయ్యి మీదే ఉంది.

దాని వెనకున్న శాస్త్రం పాతది. వమన విరేచనాలతో శరీరాన్ని శుద్ధి చేశాక, నీరసించిన జఠరాగ్నికి తిండిని మళ్ళీ ఎలా అలవాటు చేయాలో చరకసంహిత సంసర్జన క్రమమన్న పేరుతో చెబుతుంది. ముందు పలచటి పేయ, తర్వాత చిక్కటి విలేపి, ఆపైన పెసరకట్టు వంటి యూషం, మాంసరసం, చివరికి మామూలు భోజనం. అతిసారానికి పేలాలతో కాచిన లాజమండం కూడా వైద్యులకు బాగా తెలిసిన పథ్యం. పూటలు లెక్కపెట్టుకుంటూ మెట్టు మెట్టూ పైకి పోవాలన్నది ఇందులో అసలు సంగతి.

ఇళ్ళల్లో జరిగింది వేరు. లంఖణం పరమౌషధమన్న మాట అందరికీ నోటికి వచ్చింది, మెట్ల లెక్క మరుగున పడింది. పిల్లాణ్ణి వారం పది రోజులు మొదటి మెట్టు మీదే కూర్చోబెట్టారు. పప్పు అరగదు, నూనె పైత్యం చేస్తుంది, పెరుగు జలుబు, పాలు పడవు అంటూ ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే గిన్నెలో మిగిలేది గంజి తేట. దానికి తోడు సానరాయి మీద రెండు తిప్పులు అరగదీసిన వస కొమ్ము, మాచికాయ, కాస్త వాము నీళ్ళు. అంతకీ తగ్గకపోతే దిష్టి.

ఇలా చిక్కిపోయే పిల్లల్ని పాత వైద్యులు చూడకపోలేదు. పిల్లల వైద్యానికే ప్రత్యేకించిన కాశ్యపసంహిత, ఏడాది నిండినా నడవలేని బిడ్డ జబ్బుకు ఫక్కరోగమని పేరు పెట్టి మూడు రకాలు చెప్పింది. అందులో ఒకటి వ్యాధిజం, అంటే మరో జబ్బు వెనకాల వచ్చేది. నేపాల్‌లో దొరికిన ప్రతి ఆధారంగా ఈ గ్రంథం 1938లో గానీ అచ్చు కాలేదు కాబట్టి మన పల్లెల్లో వైద్యం చేసినవాళ్ళలో ఎక్కువమందికి ఆ వివరం చేరి ఉండదు.

ఇంగ్లీషు వైద్యం వచ్చాక పరిస్థితి ఒక్కసారిగా మెరుగుపడిందనుకోవడం పొరపాటు. 1817లో బెంగాల్లో రేగిన కలరా మరుసటి ఏడే మద్రాసు రాజధానికి దిగింది. మనవాళ్ళు దాన్ని వాంతిభేది అన్నారు, పైన నల్గొండ వైపు గత్తర అన్నారు. దొరల వైద్యులు రోగికి రక్తం తీశారు, క్యాలొమెల్ అనే పాదరసపు మందు, నల్లమందు పోశారు. దాహం దాహమని అల్లాడే మనిషికి నీళ్ళు ఇవ్వొద్దన్న వైద్యులూ ఆ కాలంలో ఉన్నారు. ఒంట్లో నీరు పోయి చచ్చే జబ్బుకు నీళ్ళే ఇవ్వకపోవడం ఈ చరిత్రలో అన్నిటికన్నా క్రూరమైన ఘట్టం.

ఆ తర్వాతి పాఠం కరువు నేర్పింది. 1876-78 ధాతు కరువులో సహాయ శిబిరాల్లో పనిచేసేవాళ్ళకు రోజుకు పౌను గింజలు చాలని సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చితే, మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అది చాలదని గట్టిగా పోట్లాడాడు. ఆ కరువు జబ్బుల మీద అలెగ్జాండర్ పోర్టర్ అనే వైద్యుడు 1889లో మద్రాసులో ఒక పుస్తకం అచ్చువేశాడు. నాళ్ళ తరబడి తిండిలేనివాళ్ళ పేగులు ఎలా క్షీణించిపోయాయో అందులో రాశాడు. ఆ స్థితికి వచ్చిన మనిషికి ఆలస్యంగా అన్నం పెట్టినా పేగు పట్టుకోదు, విరేచనంగా పోతుంది. అంటే పస్తు కూడా కడుపు చెడగొడుతుంది. ఈ ఒక్క ముక్క ఇళ్ళల్లోకి చేరడానికి ఇంకో వందేళ్ళు పట్టింది.

ఆ వందేళ్ళలో బిడ్డల్ని పోగొట్టుకోని ఇల్లు అరుదు. నందిగామ పక్కన పెనుగంచిప్రోలులో 1874లో పుట్టిన భండారు అచ్చమాంబను తొలి తెలుగు కథకురాలని చాలామంది పరిశోధకులు అంటారు. స్త్రీల చరిత్రలు సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసిన ఆమె కొడుకూ కూతురూ పసితనంలోనే పోయారు. ప్లేగు రోగులకు సేవ చేస్తూ 1905లో ఆమే పోయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు మరుసటి ఏడు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి శాస్త్ర విషయాలను తెలుగులో అచ్చువేయించే పని మొదలుపెట్టాడు. ఈ రెంటికీ నేరుగా ముడిపెట్టను. కానీ చదువుకున్న ఇంట్లోనే అలా ఉంటే జొన్న సంకటి ఇళ్ళ సంగతి ఊహించుకోవచ్చు.

ఐరోపాలోనూ పిల్లల వైద్యులు పేగుకు విశ్రాంతి ఇవ్వాలని ఒకటి రెండు రోజులు తిండి మాన్పించేవారు. 1908లో జర్మనీలో పనిచేస్తున్న వైద్యుడు ఎర్నెస్ట్ మోరో ఉప్పు వేసి బాగా ఉడికించిన క్యారెట్ సూపు పట్టి చాలామంది పిల్లల్ని నిలబెట్టాడు. అమెరికాలో అరటిపండు, అన్నం, ఆపిల్ గుజ్జు, కాల్చిన రొట్టె అన్న నాలుగు వస్తువుల పథ్యం పుట్టింది. ఇప్పుడు జగ్గయ్యపేట తల్లులు ఫోన్లో చదివేది దాన్నే. అందులో మాంసకృత్తులు, కొవ్వు తక్కువని ఆ దేశపు వైద్యులే దాన్ని పక్కన పెట్టారని మాత్రం ఫోను చెప్పదు. 1948లోనే చుంగ్, విస్కొరోవా అనే ఇద్దరు, విరేచనాల పిల్లలకు మొదటి నుంచీ తిండి పెట్టి, పస్తుంచినవాళ్ళతో పోల్చి చూశారు. తిండి పెడితే జబ్బు ముదరలేదని, పోషకాలు ఒంటికి పట్టాయని తేలింది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

మన పట్నాల్లో అప్పటికి రోగి తిండిగా బ్రెడ్డు స్థిరపడింది. ఆసుపత్రికి చూడ్డానికి వెళ్తే చేతిలో బ్రెడ్డు, బత్తాయిలు ఉండాల్సిందే. ఇంట్లో ఎవరైనా బ్రెడ్డు తింటుంటే ఒంట్లో బాగాలేదా అని అడిగే రోజులవి.

మలుపు కలకత్తా నుంచి వచ్చింది. ఉప్పూ గ్లూకోజూ కలిసి ఉంటే పేగు రెంటినీ కలిపి లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీరూ పోతుంది. ఎంత విరేచనమవుతున్నా ఈ దారి మూతపడదు. హేమేంద్రనాథ్ ఛటర్జీ 1953లోనే కలరా రోగులకు నోటి ద్వారా ద్రవం పట్టి ఫలితం ప్రకటించాడు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో బొంగావ్ శిబిరం కిక్కిరిసి, సెలైన్ సీసాలు నిండుకున్నప్పుడు, దిలీప్ మహలనబీస్ డ్రమ్ముల్లో ఉప్పు, గ్లూకోజు కలిపి బంధువుల చేతే పట్టించాడు. 30 శాతం దాకా ఉన్న చావులు నాలుగు శాతం లోపుకు దిగాయి. ఓఆర్ఎస్ అనే ఈ ఉప్పు, గ్లూకోజు ద్రావణం మన దేశంలో జాతీయ కార్యక్రమంగా 1985-86లో మొదలైంది. బియ్యపు పిండితో కాచిన ద్రావణం కూడా బాగా పనిచేస్తుందని ఢాకా పరిశోధకులు 1980లలో చూపించారు. పిండి పేగులో మెల్లగా గ్లూకోజుగా మారుతుంది కాబట్టి, ఉప్పేసిన గంజి, ఉప్పేసిన మజ్జిగ తాగించిన ముసలమ్మలు నీళ్ళ విషయంలో ఒప్పే చేశారు. తప్పంతా అక్కడే ఆగిపోవడంలో ఉంది.

ఎందుకో లెక్కేసి చూద్దాం. రెండేళ్ళ పిల్లాడికి రోజుకు సుమారు వెయ్యి కిలో కేలరీలు కావాలి. గ్లాసుడు నీళ్ళలో 10 గ్రాముల బియ్యం వేసి కాచిన గంజిలో ఉండేది 35. పది గ్లాసులు తాగినా అందేది మూడోవంతుకు కాస్త పైన, అంతే. ఇంతకీ వాడు తాగేది రెండు గ్లాసులు! విరేచనాల పిల్లలు చిక్కిపోవడం, చిక్కినవాళ్ళకు మళ్ళీ విరేచనాలు పట్టుకోవడం అన్న చక్రాన్ని పంజాబ్ పల్లెల అనుభవంతో గోర్డన్, చిట్కారా, వయన్ 1963లో వివరించారు. పాలు మాన్పించి అన్నం అలవాటు చేసే వయసులోనే ఇది ఎక్కువని వాళ్ళు గుర్తించారు.

కూనూరులో 1918లో పుట్టి 1958లో హైదరాబాద్‌కు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ గోధుమ, వేయించిన శనగపప్పు, వేరుశనగ, బెల్లంతో హైదరాబాద్ మిక్స్ తయారుచేసింది. అంగన్‌వాడీల బాలామృతం ఆ వరసలోదే. ఇంకో మంచి ఉపాయం మైసూరు, బరోడా పరిశోధకులది. రాగులో జొన్నలో మొలకెత్తించి, ఎండబెట్టి, లేతగా వేయించి, పిండి పట్టుకోవాలి. చెంచా నిలబడేంత చిక్కటి జావలో ఆ పిండి అర చెంచా కలిపితే నిమిషాల్లో పలచబడుతుంది. మొలకలోని ఎంజైము పిండిపదార్థాన్ని తెగ్గొడుతుంది. నీళ్ళు కలపకుండానే పలచనవుతుంది కాబట్టి బలం తగ్గదు, పిల్లాడు మింగగలుగుతాడు. జొన్న మొలకల విషయంలో ఒక జాగ్రత్త ఉంది: మొలక, వేళ్ళు పూర్తిగా నలిపి తీసేయాలి, వాటిలో విషగుణం ఉంటుంది. చేసే అలవాటు లేనివాళ్ళు రాగులతో చేసుకోవడం మేలు.

ఈలోగా మెట్టకు నాగార్జునసాగర్ నీళ్ళొచ్చాయి. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు, 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. జొన్నచేలు తగ్గాయి, వరన్నం రోజువారీ అయింది. పథ్యానికీ మామూలు రోజుకీ తేడా లేకుండా పిల్లలకు చారన్నమే తిండైంది. కడుపు చెడినప్పుడు పిల్లాడి పళ్ళెంలోంచి తీసేయడానికి పెద్దగా ఏమీ లేదు, కలపడానికే ఉంది.

ఇక తినని పిల్లాడి సంగతి. పాతకాలంలో తిండి లేక పెట్టలేదు, ఉన్నది పెద్దలు వద్దన్నారు. ఇప్పుడు వద్దనేది పిల్లాడే. విరేచనాల తర్వాత ఆకలి మందగించడానికి శరీరంలో జింకు తరిగిపోవడం ఒక కారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లో ఓఆర్ఎస్‌తో పాటు జింకు ఇవ్వాలన్నాయి: ఆరు నెలలు దాటినవాళ్ళకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నవాళ్ళకు 10. పిల్లలు తమ ఆకలిని తామే ఎరుగుదురా అని అమెరికా వైద్యురాలు క్లారా డేవిస్ 1920, 30లలో పదిహేనుమంది పసివాళ్ళ ముందు 34 రకాల వస్తువులు పెట్టి చూసింది. ఒక్కొక్కరూ ఒక్కోలా తిన్నారు, అందరూ ఏపుగా పెరిగారు. అయితే ఆమె పెట్టిన వాటిలో బిస్కెట్లు, చిప్స్ ప్యాకెట్లు లేవు. ఎంత తినాలన్నది పిల్లాడికి వదిలేయొచ్చు, ఏం పెట్టాలన్నది మాత్రం మన చేతిలో ఉండాలి.

రెండేళ్ళ వయసులో కొత్త రుచిని అనుమానించడం సహజం. కోలుకుంటున్న వారంలో ఆపిల్ గుజ్జు పరిచయం చేయబోతే ఉమ్మేస్తాడు. వాడికి తెలిసిన అన్నమే కాస్త మెత్తగా, పెసరపప్పుతో పులగంలా వండి, చెంచాడు నెయ్యో నూనో కలిపి, పక్కన పెరుగు పెట్టి, రెండు గంటలకోసారి నాలుగు ముద్దలు పెడితే చాలు. “ఒక్క ముద్ద తినరా నాన్నా” అని బతిమాలడం వేరు, ముక్కు మూసి కుక్కడం వేరు. ఫోన్లో బొమ్మలు చూపిస్తూ వాడికి తెలియకుండా నోట్లోకి తోయడం కూడా కుక్కడం కిందికే వస్తుంది. తల్లిపాలు తాగే బిడ్డకు ఎట్టి పరిస్థితుల్లోనూ పాలు ఆపకూడదు. విరేచనాలు కట్టాక రెండు వారాలు మామూలు కన్నా ఒక పూట ఎక్కువ పెట్టమన్నది నేటి వైద్యుల మాట. జబ్బు పూర్తిగా తగ్గాక ఆకలి తిరిగి పుంజుకుంటుంది, ఆ పదిహేను రోజులే పోయిన బరువు తిరిగి వచ్చే అదను.

రోటా వైరస్‌కు హైదరాబాద్‌లో తయారైన రోటావాక్ 2015లో విడుదలైంది. మరుసటి ఏడు సార్వత్రిక టీకాల్లో చేర్చిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. టీకా రోటాను ఆపుతుంది, పాడైన కుళాయి నీళ్ళను ఆపదు. 2024 జూన్‌లో జగ్గయ్యపేట పట్టణంలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ అతిసారం ప్రబలి జనం ఆసుపత్రుల పాలయ్యారు. అలాంటి రోజుల్లో మందుల దుకాణాల్లో ఓఆర్ఎస్ పేరుతో అట్టపెట్టెల్లో తియ్యటి పానీయాలు అమ్ముడుపోయేవి. వాటిలో చక్కెర ఎక్కువ, అది విరేచనాన్ని పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ప్రమాణానికి సరిపోని పానీయాల మీద ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. సెలైన్ ఎక్కిస్తేనే వైద్యమన్న నమ్మకం మీద అలాంటి ఆదేశం ఎవరూ ఇవ్వలేరు. నోటితో తాగగలిగే పిల్లాడికి సూది అక్కర్లేదు.

తాగింది తాగినట్టు కక్కేస్తున్నా, కళ్ళు లోతుకు పోయినా, ఆరు గంటలుగా ఒంటికి పోయకపోయినా, మలంలో రక్తం పడినా, మత్తుగా పడుకుని లేవకపోయినా ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మిగతా వాళ్ళకు లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒక ఓఆర్ఎస్ పొట్లం మొత్తం కలిపి చెంచాతో పట్టండి, 24 గంటలు దాటితే పారబోయండి. ఆ పొట్లాలు, 14 రోజుల జింక్ బిళ్ళలు ఆశా కార్యకర్త దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే ఇస్తారు.