పందెం లేని వినోద నగరం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని ఎల్బీనగర్ చౌరస్తా, హయత్‌నగర్ దాటి అబ్దుల్లాపూర్‌మెట్ వైపు వెళ్తే గుట్టల నడుమ ఒక ఊరు ఉంది. అందులో హోటళ్లున్నాయి, రంగస్థలాలున్నాయి, పండగ రోజుల్లో కార్నివాల్ ఊరేగింపులూ ఉన్నాయి. పేకాట బల్ల మాత్రం లేదు. అదే రామోజీ ఫిల్మ్ సిటీ.

హోటల్నీ ఆటపాటల్నీ కలిపి ఊరు కట్టడంలో పేరుమోసింది లాస్ వేగాస్. నెవాడా రాష్ట్రం 1931లో జూదానికి చట్టబద్ధత ఇచ్చింది. 1941లో ఎల్ రాంచో వేగాస్, 1946 డిసెంబరులో ఫ్లమింగో తెరుచుకున్నాయి. గది చవక, భోజనం చవక, వేదిక మీద పేరున్న గాయకుడు. ఖర్చంతా జూదపు బల్లలే రాబట్టేవి. శాండ్స్‌లో ఫ్రాంక్ సినాత్రా పాడినా, 1969లో ఇంటర్నేషనల్ హోటల్లో ఎల్విస్ ప్రెస్లీ పాడినా అసలు వ్యాపారం ఆ బల్లల దగ్గరే. ఆ పద్ధతికి మన దగ్గర చోటు లేదు. తెలంగాణలో 1974 నాటి గేమింగ్ చట్టం జూదగృహాలను నిషేధించింది. 2017 సవరణలతో ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ కూడా దాని కిందికి వచ్చింది.

మరి ఇక్కడ హోటళ్లు ఎందుకు లేచాయి? షూటింగుల కోసం. సినిమా యూనిట్ అంటే నటులు, లైట్‌బాయ్‌లు, మేకప్‌వాళ్లు, డ్రైవర్లు, వంటవాళ్లు. తెల్లారకముందే ఇంతమందినీ ఊళ్లోంచి లొకేషన్‌కు తోలాలంటే డబ్బుకు డబ్బూ పోతుంది, మంచి వెలుతురూ పోతుంది. సెట్ పక్కనే నిద్రపోతే ఆ బాధ ఉండదు. దీన్ని కట్టించిన రామోజీరావుకు ఈ రెండు వ్యాపారాలూ అప్పటికే తెలుసు: విశాఖలో డాల్ఫిన్ హోటల్, సినిమాల్లో ఉషాకిరణ్ మూవీస్. 1996లో మొదలైన ఫిల్మ్ సిటీకి నిర్మాత కథ పట్టుకుని వస్తే, పూర్తయిన సినిమాతో వెళ్లాలన్నది ఆయన ఆలోచన. సితార, తార హోటళ్లు ఆ ఆలోచనలో భాగాలే. 1,666 ఎకరాల ఈ ఆవరణను ప్రపంచంలోనే అతిపెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్ నమోదు చేసింది.

జనం సెట్లు చూడ్డానికి వచ్చారు. కానీ షూటింగ్ చూడ్డమంత విసుగు పని ఇంకోటి లేదు. ఒక్క షాట్‌కు గంటల తరబడి లైట్లు సర్దుతారు, రిహార్సల్ మీద రిహార్సల్ చేస్తారు. అందుకే ప్రత్యక్ష ప్రదర్శనలు ఇక్కడ ఇంతగా నిలబడ్డాయని నా నమ్మకం. వైల్డ్ వెస్ట్ స్టంట్ షోలో తుపాకులు పేలతాయి, మనుషులు మన కళ్లముందే ఎత్తు నుంచి పడతారు. తెర మీద రెప్పపాటులో దాటిపోయే పతనం వెనుక ఎంత సాధన ఉందో అక్కడే తెలుస్తుంది. సినిమాలో తప్పితే రీటేక్ ఉంది. ఇక్కడ లేదు.

వేగాస్‌లో గాయకుడి పేరు హోటల్ ముందు దీపాలతో వెలిగేది. మన స్టంట్ కళాకారుల పేర్లు చూసినవాళ్లలో ఎంతమందికి తెలుసు? ఈసారి వెళ్తే, షో అయ్యాక బస్సు కోసం పరుగెత్తకండి. ఎత్తు నుంచి దూకిన ఆ మనిషి పేరు అడిగి, ఒక్క మాట మెచ్చుకుని రండి.