బెన్ బారెస్: శాస్త్రరంగంలో లింగ వివక్షపై చర్చ

బెన్ బారెస్ (1954–2017) అమెరికన్ నాడీశాస్త్రవేత్త. న్యూరాన్లకు ఆసరాగా ఉండటం తప్ప వేరే పని లేదని చాలామంది అనుకున్న గ్లియా కణాలు మెదడు నిర్మాణంలో ఎంత కీలకమో చూపినవారిలో ముఖ్యుడు. పుట్టుకతో ఆడపిల్లగా నమోదై, బార్బరా పేరుతో చదువుకుని, స్టాన్‌ఫర్డ్‌లో ఆచార్యుడిగా ఉండగా 1997లో పురుషుడిగా మారారు.

ఎంఐటీలో చదివే రోజుల్లో, దాదాపు అంతా మగవాళ్లే ఉన్న తరగతిలో ఎవరికీ కొరుకుడుపడని లెక్క చేస్తే, బాయ్‌ఫ్రెండ్ చేసిపెట్టి ఉంటాడని ప్రొఫెసర్ తేల్చేశారు. హార్వర్డ్‌లో ఆరు మేటి పరిశోధన పత్రాలు ఉన్నా, ఫెలోషిప్ మాత్రం ఒకే పత్రం ఉన్న పురుషుడికి దక్కింది. పురుషుడయ్యాక సెమినార్‌లో ప్రసంగిస్తే, బెన్ పరిశోధన ఆయన సోదరి పరిశోధన కన్నా చాలా మెరుగని ఒక అధ్యాపకుడు మెచ్చుకున్నారు. ఆ సోదరి బారెస్సే. మనిషీ మెదడూ ఒకటే. మారింది చూసేవాళ్ల కొలమానం.

2005 జనవరిలో హార్వర్డ్ అధ్యక్షుడు లారెన్స్ సమ్మర్స్, శాస్త్రరంగం పైమెట్లపై స్త్రీలు తక్కువగా ఉండటానికి సహజ సామర్థ్యంలో తేడా కూడా ఒక కారణం కావచ్చన్నారు. స్టీవెన్ పింకర్ వంటివారు ఆయనను సమర్థించారు. బారెస్ 2006లో 'నేచర్' పత్రికలో దీటుగా జవాబిచ్చారు. ఒక్కరి అనుభవం రుజువు కాదన్న అభ్యంతరం సహజమే. కానీ ఆయన సొంత కథతోనే ఆగలేదు. స్వీడన్‌లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాతి పరిశోధన) ఫెలోషిప్పులకు పురుషులతో సమానమైన మార్కులు పడాలంటే స్త్రీలు 2.5 రెట్లు ఎక్కువ పని చూపాల్సి వచ్చిందన్న 1997 నాటి అధ్యయనాన్ని ముందుపెట్టారు.

ఈ జవాబు గుర్తున్నంతగా గుర్తుండనిది, పరిశోధన గైడ్ల అధికారంపై ఆయన చేసిన పోరాటం. నిజానికి వివక్షకు పదును వచ్చేది అక్కడే: సిఫారసు లేఖ, పరిశోధనాంశం, పత్రంలో పేరు, అన్నీ గైడ్ చేతిలోనే. ప్రయోగశాల పేరుప్రతిష్ఠలే కాక, అక్కడ శిక్షణ పొందినవారు తరువాత ఏమయ్యారో చూసి గైడ్‌ను ఎంచుకోవాలని 2013లో విద్యార్థులకు రాశారు. అదే ఏడాది అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీకి ఎన్నికై, ట్రాన్స్‌జెండర్‌నని బాహాటంగా చెప్పుకున్న తొలి సభ్యుడయ్యారు. 2017లో, పాంక్రియాస్ కాన్సర్‌తో మరణించడానికి కొద్ది నెలల ముందు, మళ్లీ 'నేచర్'లోనే రాశారు: పోస్ట్‌డాక్‌లు తాము పెంచిన పరిశోధనను వెళ్లేటప్పుడు వెంట తీసుకువెళ్లనివ్వాలి, గైడ్లు దానితో పోటీపడకూడదు.